పైకెత్తితేనే తెరుచుకునే తలుపు

మా పిల్లి పేరు రాణి. ఒట్టి దొంగమొహంది. నరసాపురంలో మేం కట్టుకున్న కొత్త డాబాకి తలుపులన్నిటికీ పొడుగు హ్యాండిళ్ళు పెట్టించాం. ఇది ఎగిరి హ్యాండిల్‌కి వేలాడేది. దాని బరువుకి హ్యాండిల్ కిందికి దిగేది, తలుపు తెరుచుకునేది. ఎన్ని పూటలు చేపల పులుసు తగలేసిందో. అయినా చూసి నవ్వుకునేవాళ్ళం.

మా అమ్మాయి వీరవేణి పురిటికొచ్చాక ఆ నవ్వు పోయింది. పురిటి గదిలోకి పిల్లి రాకూడదని మా ఇంట్లో పట్టింపు. ఇదేమో రోజూ దీపాలు పెట్టే వేళకి సరిగ్గా ఆ గది తలుపే తెరిచేది. పసిదాని ఉయ్యాల కింద కూర్చుని, గది మూలకి చూస్తూ గుర్రుమనేది. చీపురు తిరగేసినా కదిలేది కాదు.

పసిగుడ్డు మీద దూకితే ఎవరేడవాలి? వడ్రంగి ఐజాక్‌ని పిలిపించాను.

"తాళం తిరగేసి బిగిస్తానండి. హ్యాండిల్ పైకెత్తితేనే తెరుచుకుంటుంది. వేలాడ్డం వచ్చు గానీ, పైకెత్తడం పిల్లికెలా వస్తుందండి?" అన్నాడు. నాకు ఆ మాట తెగ నచ్చింది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కరెంటు పోయింది. వీరవేణి పెరట్లో బాత్రూముకి వెళ్ళింది. పసిది లోపల నిద్రపోతోంది. తలుపు వేసేసి, దాని ముందే కొవ్వొత్తి పెట్టుకుని లేసు అల్లుతూ కూర్చున్నాను. పక్కింటి ఎండుచేపల వాసన తప్ప ఇంకేం లేదు.

రాణి వచ్చింది. ఎగిరి వేలాడింది. తలుపు రాలేదు. మళ్ళీ ఎగిరింది. మళ్ళీ.

"ఇప్పుడు తెరువు చూద్దాం," అన్నాను. కడుపు చల్లబడింది నాకు.

అది నాకేసి చూసి అరిచింది. అలాంటి అరుపు దాని నోట ఎప్పుడూ వినలేదు. అప్పుడే తలుపు కింద నుంచి గోదారి బురద వాసన కొట్టింది. లోపల ఉయ్యాల గొలుసు కిర్రుమంది... మళ్ళీ కిర్రుమంది... ఊపేవాళ్ళు లోపల ఎవరూ లేరు.

లేచి హ్యాండిల్ ఎత్తాను. రాలేదు.

రెండు చేతులా ఎత్తాను. కాస్త లేచింది... మళ్ళీ కిందికి దిగిపోయింది. అవతల ఎవరో దాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు.

"వేణీ..." అని పెరటి వైపు కేకేశాను.

లోపల ఉయ్యాల ఆగిపోయింది.

నా మనవరాలు లోపలుంది. ఆ తలుపు బిగించింది నేను. హ్యాండిల్ కింద భుజం పెట్టి, ఉన్న బలమంతా పెట్టి లేపాను. తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. నా కాళ్ళ మధ్య నుంచి రాణి లోపలికి దూసుకుపోయింది. మూలంతా గీరింది, వాసన చూసింది. ఊరుకుంది. అక్కడేమీ లేదు.

పసిది ఏడవలేదు. కళ్ళు విప్పుకుని నవ్వుతోంది. ఒళ్ళంతా తడి. పొత్తిగుడ్డలకి బురద.

"ఏమైందమ్మా?" వెనక నుంచి వీరవేణి గుసగుసగా అడిగింది. పిల్లని తీసి దాని చేతుల్లో పెట్టాను.

పొద్దున్నే ఐజాక్ వచ్చి తాళం విప్పాడు. లోపలి వైపు హ్యాండిల్ కిందికి వంగిపోయి ఉంది.

"ఇది పిల్లి బరువు కాదండి," అన్నాడు మెల్లగా.

"మళ్ళీ మామూలుగా పెట్టెయ్యి నాయనా. పిల్లి రావాలి. ఇంకేదీ రాకుండా గడియొకటి కూడా బిగించు."

"ఎటు వైపండి? లోపలా, బయటా?"

ఆ మూలనున్నది ఇవతలికి రాకుండా బయటే అనబోయి ఆగిపోయాను. రాణి ఆ గది గుమ్మంలో కూర్చుని గుర్రుమంటోంది. దాని వీపు గది మూలకి ఉంది. చూపు మాత్రం నా పక్కన, వీరవేణి ఒళ్ళో ఉన్న పసిదాని మీద ఉంది.

పసిది ఇంకా నవ్వుతోంది.