లిఫ్టులో ఐదు చుక్కలు

లిఫ్టు బటన్ల పక్కన కొత్తగా అతికించిన బ్రెయిల్ ప్లేట్ల మీద వేలు పెట్టగానే బ్యూలా ఆగిపోయింది.

"ఎవరండీ ఇవి పెట్టింది?"

"నేనే మేడమ్, లిఫ్టు మెకానిక్‌ని. ఆషర్. మస్తు నీట్‌గ వచ్చినయి కదా!"

"నీట్‌గనే ఉన్నయి. అన్నీ తలకిందులు. మూడో ఫ్లోర్‌కి పోవాలంటే నేను శీర్షాసనం ఎయ్యాల్నా?"

తన బోయిగూడ బస్తీలో మాటకు మాట అప్పజెప్పే ఆషర్, ఆ పూట వంగి ప్లేట్లు పీకడం మొదలుపెట్టాడు.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి ఆ బ్యాంకులో ఆమె ఆఫీసరు. పుట్టుకతోనే చూపు లేదు. ప్లేట్లు సరిచేసినా అతని రాకపోకలు తగ్గలేదు. లిఫ్టుకు లేని రోగాలన్నీ అంటగట్టి లంచ్ టైముకు అక్కడే తిరిగేవాడు. ఆమె అతనికి బ్రెయిల్ అక్షరాలు నేర్పేది.

"ఆరు చుక్కల్ల మొదటిది ఇడిసిపెట్టు. మిగిలిన ఐదు చూడు. తెలుగుల ఇది 'ట'. ఇంగ్లీషుల ఈ ఒక్కటే 'విత్', అంటే 'తోడుగ' అనే పూరా మాట."

"ఒక్కదానికే రెండు మతలబులా? మరి ఏదో ఎట్ల తెలుస్తది?"

"పక్కన ఏమున్నయో చూస్తే తెలుస్తది. ఒంటిగ ఉంటే మాత్రం చదివేటోళ్ళ ఇష్టం."

ఆ మాట అతని మనసులో ఇరుక్కుంది.

అంతలో ఆమెకు ఖమ్మం ట్రాన్స్‌ఫర్ వచ్చింది.

"ఒక్కరే ఎట్లుంటరు? రోడ్డెవరు దాటిస్తరు?" అన్నాడు ఆషర్ కంగారుగా.

బ్యూలా ముఖంలో నవ్వు ఆరిపోయింది. "చెయ్యి పట్టి నడిపిస్తమని రెండు సంబంధాలొచ్చినయి. రెండూ వద్దన్న. నాకు నడక వచ్చు ఆషర్."

ఆ తర్వాత లిఫ్టుకు ఏ రోగమూ రాలేదు, ఆషరూ రాలేదు. ఆమె ఆఖరి రోజున ఒకటే వాన. మూసుకుంటున్న లిఫ్టు తలుపుకు కాలు అడ్డం పెట్టి ఆషర్ లోపలికి దూరాడు. అరచేతిలో చిన్న ప్లేటు పెట్టి చాచాడు.

"ఇదొక్కటి చదివి పోండి."

ఆమె వేలు వెతుక్కుంటూ అరచేతిలోకి దిగింది. "'క్ష'... ఏంది, క్షమాపణ షురూ చేసినవా?"

"అయ్యో, కాదు! నేను 'ట' పెట్టిన!"

"మళ్ళ తలకిందులే! నీ దిక్కు నుంచి చూసి పట్టుకున్నవ్. చదివేది నేను కదా."

ఆషర్ ఉలిక్కిపడ్డాడు. రోడ్డు మాట కూడా తాను అలాగే అన్నానని అప్పుడు తట్టింది.

"నిజమే. అన్నీ నా దిక్కు నుంచే చూసిన." ప్లేటును ఆమె వైపుకు తిప్పాడు. "ఇప్పుడు చదవండి. తెలుగులనా, ఇంగ్లీషులనా, మీ ఇష్టం. నడిపిస్త అంటలేను. పక్కన నడుస్త అంటున్న."

ఆ ఐదు చుక్కల మీద, ఖాళీగా ఉన్న ఆ ఒక్క చోటు మీద ఆమె వేలు నెమ్మదిగా తిరిగింది. బయట వాన చప్పుడు.

"ఇంగ్లీషులనే చదివిన," అంది.

లిఫ్టు కదలకుండానే ఆషర్ నాలుగు అంతస్తులు పైకి పోయాడు.

"అంత ఖుషీ కాకు," అంటూ ఆమె గ్రౌండ్ ఫ్లోర్ బటన్ తడిమి నొక్కింది. "కింద మా డాడీ స్కూటర్ పెట్టుకోని నా కోసం చూస్తుండు. ఆయనకి బ్రెయిల్ రాదు. నోటితోనే చెప్పుకోవాలె."