తడి ఆరేదాకా తాళం

మిద్దెల మీద పని చేసేవాడికి ఊరు వేరుగా కనిపిస్తుంది. కింద తిరిగేవాళ్లకు కడప అంటే అంగళ్లు, బస్టాండు, మసీదు, చర్చి. నాకు మాత్రం పగుళ్లు, నీళ్ల తొట్లు, ఆరబెట్టిన వడియాలు, పాచి పట్టిన మూలలు. ఎండాకాలం రాగానే మిద్దెలకు తెల్లపూత వేయడం, పెద్ద కూలర్లకు గడ్డి మెత్తలు మార్చడం, ఇదీ నా బతుకు. మా వాళ్లంతా గనుల్లో బండలు మోస్తుంటే నా కొడుకు లేవి ఆకాశానికి దగ్గరగా పని చేస్తాడని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. ఆకాశానికి దగ్గరంటే ఎండకు దగ్గరని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పదకొండేళ్లు నాకు జత గాబ్రియేలు. ఒకే బకెట్టులో ఇద్దరం కుంచెలు ముంచాం, ఒకే క్యారియర్లో సంగటి తిన్నాం. వాడు పోయాక నేను ఒంటరిగానే మిద్దెలెక్కుతున్నాను. ఎవరైనా జతకు మనిషిని పెట్టుకోమంటే, కూలి గిట్టదని చెబుతాను. అది అబద్ధం. దాచిపెట్టి చివర్లో చెప్పే తెలివితేటలు నాకు లేవు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. గాబ్రియేలు నా వల్ల పోయాడు.

2005 మే నెల. కమలాపురంలో వీరభద్రయ్య గారి కల్యాణ మండపం. మిద్దె మీద గదంత రేకు డబ్బా కూలరు ఉంది. దాని బ్లోయరు తిరిగితే కింద హాలంతా చల్లబడుతుంది, పైన మాత్రం పక్క మనిషి మాట వినపడదు. ఆ రోజు పెళ్లి ఉంది. మేం తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకు పూత ముగించాం. మా పనికి ఒక పద్ధతి ఉంది. దూరపు మూలలో మొదలుపెట్టి మెట్ల వైపుకు వెనక్కి వెనక్కి రావాలి. చివరి కుంచె గడప దగ్గర పడాలి. ఆ తర్వాత మెట్ల లోపలి నుంచి తలుపుకు తాళం, తడి ఆరేదాకా. తడి పూతను తొక్కితే ఆ అడుగు దగ్గర పెచ్చు లేస్తుంది, వానలకు అక్కడే కారుతుంది. పెళ్లింట్లో పిల్లలు ఊరుకోరు గదా అని వీరభద్రయ్య తానే తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

గాబ్రియేలు ముందే దిగి పంక్తిలో కూర్చున్నాడనుకున్నాను. తాళం వేశాను. కడుపారా తిని, వసారాలో నాలుగింటి దాకా నిద్రపోయాను.

వాడికి పొద్దున్నుంచీ తల తిరుగుతూ ఉండింది. కూలరు డబ్బా వెనక కాస్త నీడ ఉంటే ఒరిగాడు. ఎండ నీడను తినేశాక లేచి తలుపు దాకా వచ్చాడు. ఎన్నిసార్లు కొట్టాడో నాకు తెలియదు. నాలుగింటికి లేచి తాళం తీస్తే గడప అవతల పడి ఉన్నాడు, ఊపిరి లేదు. తలుపు బయటి వైపు రేకు మీద సున్నపు చేతుల అచ్చులు పైనుంచి కిందికి దిగుతూ వచ్చాయి. చివరిది గడపకు జానెడు ఎత్తులో ఉంది.

అప్పుడు నేను చేసిన పని ఇది. తాళం, తాళంచెవి రెండూ తీసుకెళ్లి కూలరు తొట్టిలో పడేశాను. ఆ తర్వాతే కేకలు పెట్టాను. వడదెబ్బ అన్నారు అందరూ. ఆ వారం జిల్లాలో ఎందరో వడదెబ్బకు పోయారు, వీడొకడు. తాళం గురించి వీరభద్రయ్య అడగలేదు. అడిగితే ఇచ్చింది ఆయనేనని బయటపడుతుంది గదా.

గాబ్రియేలు భార్య జ్ఞానమణి అంత ఏడుపులోనూ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పక్కనుండావు గదన్నా, అంతే సాలు" అంది. ఆ మాట ఏడాది పాటు నా గొంతులో ఇరుక్కుని ఉండింది. నెలకోసారి ఆమె ఇంటికి పోయేవాణ్ణి, చెబుదామనే పోయేవాణ్ణి. టీ తాగి వచ్చేసేవాణ్ణి.

మరుసటి మేలో వీరభద్రయ్య నుంచి కబురొచ్చింది. కూలరు బాగుచేయాలి, మిద్దెకు మళ్లీ పూత పడాలి. రానంటే ఎందుకు రావని అడుగుతారు. పైగా ఆయన చెప్పిన రోజునే సాయంత్రం గాబ్రియేలు ఏడాది ప్రార్థన. జ్ఞానమణి ముఖం చూస్తూ పాటలు పాడడం కన్నా ఆ మిద్దెక్కడమే నయమనిపించింది. పెనం మీద నుంచి పొయ్యిలోకి దూకడమంటే ఇదే.

తెల్లవారి ఐదింటికి మండపం చేరాను. కాపలా ఉండే శివన్న తప్ప నరమానవుడు లేడు. మెట్ల పైన తలుపు లోపలి వైపు మేకుకు చొక్కా తగిలించాను. జేబులో సెల్లు, పక్కన నీళ్ల సీసా. సున్నం పడుతుందని అవి ఎప్పుడూ లోపలే పెడతాం.

తలుపు తెరిచి చూస్తే అచ్చులు అలాగే ఉన్నాయి. వానలు కూడా కడగలేదు. వాటి వైపు వీపు పెట్టి పని మొదలుపెట్టాను.

ముందు తొట్టి. అడుగు రంధ్రం తీసి నీళ్లు వదిలేశాను. ఏడాది గార, కుళ్లిన గడ్డి, చచ్చిన బల్లి, ఆ వాసన ముక్కులోకి ఎక్కింది. మోచేతుల దాకా బురదలో పెట్టి వెతికాను. తాళం కోసమే. ఎవరికైనా దొరికేలోపు తీసి పాపాఘ్ని ఏట్లో పడేయాలని. నాలుగు మూలలూ గీకాను.

తాళం లేదు.

ఎవరో శుభ్రం చేసుంటారని సర్దిచెప్పుకున్నాను. శుభ్రం చేసినవాడు బల్లిని వదిలి తాళం తీసుకుపోతాడా అని మాత్రం నన్ను నేను అడగలేదు. మెత్తలు మార్చి, పగుళ్లు పూడ్చి, మూల నుంచి పూత పట్టాను. ఒక్కడినే కాబట్టి ఆలస్యమైంది. సూర్యుడు నెత్తి మీదికొచ్చేసరికి ఇంకా రెండు బారల మేర మిగిలింది. తెల్లటి మిద్దె మీద ఎండ పై నుంచీ కొడుతుంది, కింద నుంచీ కొడుతుంది. కళ్లు మూసుకున్నా తెలుపే. ఊళ్లో తలుపులన్నీ మూసేశారు. చుట్టూ ఏ మిద్దె మీదా మనిషి లేడు. ప్రపంచంలో నేనొక్కడినే మిగిలానేమో అనిపించింది.

కింద నుంచి శివన్న అరిచాడు. "బ్లోయరు ఏస్తాండా లేవన్నా. ఒక గంట తిరగనీ. నేను అన్నానికి పోయొస్తా."

బ్లోయరు గుర్రుమని లేచింది. అంతటితో లోకంలో ఇంకే చప్పుడూ లేకుండా పోయింది. గడప దగ్గర చివరి కుంచె వేసేముందు నడుము ఎత్తి చూస్తే…

తలుపు మూసి ఉంది.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. తోశాను. కదల్లేదు. అవతల గొళ్లెంలో ఏదో ఇనుము ఊగి రేకుకు కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు తెలుసు. తాళం చప్పుడు.

"శివన్నా…"

బ్లోయరు నా కేకను అక్కడే మింగేసింది. తడి పూతను తొక్కుకుంటూ పిట్టగోడ పక్కకెళ్లి చూశాను. కింద రెండంతస్తుల లోతు, ఖాళీ రోడ్డు. తొట్టిలో చుక్క నీరు లేదు, నేనే వదిలేశాను. నాలుక పిడచకట్టింది. మళ్లీ తలుపు దగ్గరికొచ్చి అరచేతులతో బాదాను. చేతులకున్న సున్నం రేకుకు అంటుకుంది. తీసి చూస్తే నా అచ్చు వాడి అచ్చు మీద సరిగ్గా పడింది. వేలికి వేలు.

అప్పుడు లోపల నా సెల్లు మోగింది.

రెండుసార్లు… మూడుసార్లు… ఆగిపోయింది. దానంతట అది ఆగలేదు. ఎవరో ఎత్తారు. చెవి రేకుకు ఆనించాను. చెవి కాలింది. అయినా తీయలేదు. మెట్ల మీద ఎవరో తగ్గు గొంతుతో మాట్లాడుతున్నారు. మాటలు తెలియడం లేదు. మధ్యమధ్య ఆగుతున్నారు, అవతలి మాట వింటున్నట్టు.

అడుగులు పైకొచ్చాయి. ఒట్టి కాళ్లు. తలుపుకు అవతల ఆగాయి. తాళం కదిలింది.

"ఎవరప్పా… తియ్యప్పా…"

తాళం ఊగడం ఆగింది. ఆ తర్వాత అడుగులు కిందికి దిగిపోయాయి.

మోకాళ్ల మీద కూలబడ్డాను. నేల కాలుతోంది. నా చేతుల అచ్చులు కూడా తలుపు మీద కిందికి దిగుతున్నాయని అప్పుడు గమనించాను. మళ్లీ తగ్గు గొంతు. మళ్లీ అడుగులు… మళ్లీ తాళం కదిలింది… మళ్లీ దిగిపోయాయి.

భయం ఒక హద్దు దాటాక మనిషి నిజం చెబుతాడు. నేనూ చెప్పాను. రేకుకు నుదురు ఆనించి చెప్పాను.

"గాబ్రియేలూ… తాళం నేనే ఏసినా. నువ్వు దిగినావనుకుంటి. పిలిచి సూడలేదు. తిని పండుకుంటి. తాళం తొట్టిలో ఏసింది కూడా నేనే. ఈ పొద్దు పోయి జ్ఞానమణికి చెప్తా. ప్రమాణంగా చెప్తా."

కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. తెలుపు నల్లబడుతోంది. మూడోసారి అడుగులు వచ్చాయి. ఈసారి మెల్లగా. చాలాసేపు నిలబడ్డాయి. అవతల ఊపిరి తీసిన చప్పుడు కూడా వినపడింది…

తాళం విడిపోయింది.

తలుపు నా బరువుకే తెరుచుకుంది. మెట్ల మీద ఎవరూ లేరు. గొళ్లేనికి తాళం వేలాడుతోంది, చెవి దానిలోనే ఉంది. గార పట్టి ఉంది. తడిగా ఉంది. దాన్నుంచి ఒక చుక్క జారి మెట్టు మీద పడింది. సీసాలో నీళ్లు ఒక్క గుక్కలో తాగేసి, చొక్కా తొడుక్కుని, పడుతూ లేస్తూ దిగాను.

శివన్న పళ్లు కుట్టుకుంటూ ఎదురొచ్చాడు. "ఏమప్పా, మొగం అట్లుండాది? ఎండ తగిలిందా?"

"శానా తగిలింది" అన్నాను. ఆయన నన్ను వసారాలో పడుకోబెట్టి మజ్జిగ తాగించాడు. బ్లోయరు కూడా ఆపేశాడు. సాయంత్రం కాస్త కాళ్లు నిలబడ్డాక కడప బస్సెక్కాను. దారి పొడవునా గుండె మీద జేబు వేడిగా ఉంది. ఎండ ఇంకా ఒంట్లోనే ఉందనుకున్నాను.

జ్ఞానమణి ఇల్లు చేరేసరికి ఏడు దాటింది. ప్రార్థన అయిపోయింది, కుర్చీలు మడిచి గోడకు ఆనించారు. ఆమె ఒక్కతే కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. గాబ్రియేలు ఫోటోకు కనకాంబరాల మాల. గడపలోనే నిలబడిపోయాను. ఇంకో అడుగు వేస్తే మళ్లీ టీ తాగి వెళ్లిపోతానని నాకు తెలుసు.

"తాళం నేనే ఏసినా జ్ఞానమణీ."

"తెలుసు" అంది. తల ఎత్తలేదు.

"ఎవురు చెప్పినారు?"

"ప్రార్థనకు రమ్మని మద్యాన్నం నీకు ఫోను చేస్తి. ఆయనెత్తినాడు."

ఆమె మిషను మీది గుడ్డను చేత్తో సాపు చేస్తూ నెమ్మదిగా చెప్పింది. "'లేవి ఈడ తలుపు కొడతాండాడు. తియ్యల్నా, వద్దా' అని అడిగినాడన్నా. జరిగిందంతా చెప్పి అడిగినాడు."

"నువ్వేమంటివి?"

"వద్దంటి."

ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "మళ్లా అడిగినాడు. మళ్లా వద్దంటి. నా మొగుడు ఎండలో తలుపు కొట్టుకుంటా పాణం ఇడిస్తే, నువ్వు ఏడాదంతా నా ఇంట్లో టీ తాగితివి గదన్నా. మూడోసారి అడిగేటప్పుడు నీ గొంతు ఇనపడింది. నువ్వే చెప్తాండావు, తాళం నేనే ఏసినా అని. సరే తియ్ అంటి."

కూలబడి ఏడ్చాను. క్షమించమన్నాను. ఏడాదిగా ఇరుక్కున్న ముల్లు ఊడి వచ్చినట్టు ఉండింది. ఆమె చూపు మిషను పక్కనున్న స్టూలు మీద ఉంది. అక్కడ ఫోను, దాని పక్కన మడిచిన జాకెట్టు గుడ్డ మీద రిసీవరు. పెట్టేయకుండా తీసి పెట్టిన రిసీవరు.

"అది…"

"పెట్టొద్దన్నాడు" అంది జ్ఞానమణి. "ఇంగొకటి అడిగినాడు. నిన్ను ఇడిసిపెట్టల్నా, వద్దా అని."

జేబులోంచి సెల్లు తీశాను. కాలిపోతోంది. తెర మీద ఆమె పేరు, కింద ఫోను ఎత్తినప్పటి నుంచి లెక్కపెడుతున్న అంకెలు. ఆరు గంటల యాభై రెండు నిమిషాలు… యాభై మూడు… రిసీవరులోంచి సన్నగా మోత వస్తోంది. మధ్యాహ్నమే ఆపేసిన బ్లోయరు మోత.

జ్ఞానమణి రిసీవరు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు విన్నది. వింటూ నన్నే చూసింది, కాళ్ల నుంచి తల దాకా.

"ఇంగా ఆలోసన చేస్తాండా" అంది, ఫోనులోకి.