కోడలికి మిగలని కూర

సర్లా సంచిలో రోజూ ఒక తోటకూర కట్ట ఉండేది. తమ ఊరు సబేటోలో మినీబస్సు ఎక్కి లౌటోకా పట్నం ఆసుపత్రికి వెళ్ళడం, కడుపుతో ఉన్న ఆడవాళ్ళ ముందు ఆ కట్ట ఎత్తి చూపి, రక్తం పట్టాలంటే ఇది తినాలమ్మా అని చెప్పడం ఆ నర్సమ్మ ఉద్యోగం. దాన్ని పొద్దున్నే పెరట్లో కోసి ఇచ్చేది కోడలు ప్రభ. ఆమెకిప్పుడు ఏడో నెల.

ఆ ఉదయం ప్రభ కట్ట ఇచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఆయాసపడుతోంది. ఎండలు ముదిరాయి కదా అని సరిపెట్టుకుంది సర్లా. ఈరోజైనా ఆసుపత్రిలో తన క్లాసుకు రమ్మని ప్రభకు, ఆమెను దింపమని చెరకు లారీ తోలే కొడుకు విజేంద్రకు చెప్పి బస్సుకు పరుగెత్తింది. దారి పొడుగునా ఆ ఆయాసం చెవిలోనే ఉంది.

క్లాసులో నిన్న ఏం తిన్నారని ఒక్కొక్కరినీ అడగడం సర్లాకు అలవాటు. అడిగితే నిజం చెప్పేవాళ్ళు తక్కువ. చివరి బెంచీ మీద కోడలు కనబడేసరికి ఆమెకు హుషారొచ్చింది. నిన్న ఇంట్లో తోటకూరలాగే రక్తం పట్టించే బెలే ఆకు, టిన్ను చేప కలిపి వండిన కూర. పదిమందీ వింటారని ముందు ప్రభనే అడిగింది.

"రొట్టె, చాయ్," అంది ప్రభ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది సర్లా పని. ఎలాగో క్లాసు ముగించి కోడలిని తెర వెనక్కి తీసుకెళ్ళింది.

"అందరి ముందూ నా పరువు తీశావు. నిన్న బెలే వండలేదూ నువ్వు?"

"వండాను అమ్మా. మీరు, ఆయన తిన్నారు. నాకు మిగల్లేదు."

"మొన్న?"

"మొన్నా అంతే."

ఆ గొంతులో నిష్ఠూరం లేకపోవడమే సర్లాను ఎక్కువ బాధపెట్టింది. వందలమంది కింది కన్రెప్పలు లాగి చూసిన చెయ్యి మొదటిసారి కోడలి కంటి మీద పడింది. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. పరీక్ష చేస్తే రక్తం ఏడు. పదకొండు ఉండాలి. ఇలాంటి తల్లికి కాన్పులో కాస్త రక్తం పోయినా ప్రాణం మీదికొస్తుందని వారం వారం చెప్పేది తనే. సర్లా ఆమెను వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు మాత్రలు రాసి, రెండు వారాల్లో పెరగకపోతే రక్తం ఎక్కించాలన్నాడు.

అందరూ తిన్నాకే కోడలు తినాలని తనకు నేర్పింది అత్త మునెమ్మ. సర్లా ఆ మాట ప్రభతో ఎన్నడూ అనలేదు. వద్దని కూడా అనలేదు.

సాయంత్రం సర్లా తనే పొయ్యి వెలిగించి, సంచిలోని తోటకూర చేప వేసి వండింది. ఆకలితో వచ్చిన విజేంద్రను కాసేపు ఆగమని, ముందు ప్రభకు కంచం నిండా పెట్టింది. పెద్దవాళ్ళు తినకుండా తానెలా తింటానని ప్రభ కంచంలో చెయ్యి పెట్టలేదు.

"తిను బేటీ. నాకు భయంగా ఉంది," అంది సర్లా.

ప్రభ కళ్ళు తుడుచుకుంటూ తినసాగింది. మిగిలింది విజేంద్రకు వడ్డించి, సర్లా ఒక రొట్టె, కప్పు చాయ్ తెచ్చుకుని కోడలి పక్కన కూర్చుంది.

"మీకు మిగల్లేదమ్మా," అంది ప్రభ.

సర్లాకు ఏడుపు ఆగలేదు. "నీకు మిగిలిందా అని నేను నిన్ను ఒక్కరోజైనా అడగలేదు కదే."

"అన్నంతో, రొట్టెతో చాయ్ తాగితే తిన్నది రక్తం పట్టదని చెప్పేది మీరే," అంటూ ప్రభ కప్పు పక్కకు జరిపి, తన కంచంలోంచి ఒక ముద్ద కలిపి అత్త నోటికి అందించింది.

సర్లా ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి, ముద్దను కోడలి నోట్లోనే పెట్టించింది.