ఇరవై నాలుగు కుండీలు

తోటమాలి డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి కూర్చోగానే ఆమె వణుకుకి కుర్చీ మూడంగుళాలు పక్కకి జరిగింది. బజారు నడిబొడ్డున, పన్నెండో అంతస్తు పైన, ఊరంతా వచ్చి చూసిపోయే తోట ఆమె పెంచిందే. ఆ పొద్దున పదకొండింటికి అక్కణ్ణుంచి ఒక పూలకుండీ పడి, కింద గేటు దగ్గరున్న వాచ్‌మన్ తల పగిలింది. అతనికింకా స్పృహ రాలేదు. ఆమె పిట్టగోడ మీద పెట్టిన కుండీయే పడిందని బిల్డింగు మేనేజరు పోలీసులకు చెప్పాడు.

"నావి ఇరవై నాలుగే కుండీలు సార్. అన్నీ నేల మీదే ఉంటాయి. నాలుగింటికి పోలీసులొచ్చి నన్ను తీసుకెళ్తారంట."

డిటెక్టివ్ లేచాడు. ఆయన దగ్గినా తేదీ వేసి రాసుకునే అసిస్టెంటమ్మాయి నోటుబుక్కుతో వెంట నడిచింది. దారిలో తోటమాలి ఇంకో సంగతి చెప్పింది. ఎమర్జెన్సీ మెట్ల తలుపుకి మేనేజరు తాళం వేసి, మెట్ల నిండా పాత సామాను కుక్కాడట. వాచ్‌మన్ నెల రోజులుగా దాని మీద గొడవ పడుతున్నాడు. ఇవాళ తనిఖీకి వచ్చే ఫైర్ ఆఫీసరుకి చెప్పేస్తానని గేటు దగ్గర కాపు కాశాడు.

పైన తోట ఎప్పట్లాగే అందంగా ఉంది. జనం ఫోటోలు దిగుతున్నారు. కుండీ ఎక్కణ్ణుంచి పడిందో కనుక్కుని మరీ అక్కడే దిగుతున్నారు. అసిస్టెంటు కిందకి తొంగిచూసింది. నెత్తురు మీద పోసిన ఇసుక బొట్టుబిళ్లంత కనిపించింది.

వరసలో కుండీలు మూడుసార్లు లెక్కపెట్టింది. ఇరవై నాలుగూ ఉన్నాయి. అంటే పడింది ఇరవై అయిదోది. తోటమాలి అబద్ధమాడినట్టే అని రాసుకుంది.

మొక్కలన్నీ కవాతుకి నిలబెట్టినట్టు నిటారుగా ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం ఎవరికో వంగి దణ్ణం పెడుతోంది. దాన్ని చూసి తోటమాలి ఏదో అనబోయింది. డిటెక్టివ్ వేలెత్తి ఆపాడు.

ఆ పక్కనే ఉన్న మేనేజరు గదికి ఒకటే కిటికీ. కిటికీ గట్టు మీద గుండ్రటి తడి మరక, కాస్త మట్టి ఉన్నాయి. గోడ మీద పెట్టొద్దని వందసార్లు చెప్పినా ఆమె వినలేదని అతను వాపోయాడు. ఎంత బాధగా చెప్పాడంటే అసిస్టెంటు చేయి దానంతటదే రుమాలు కోసం వెతికింది.

మూడున్నరకి డిటెక్టివ్ అందర్నీ తొమ్మిదో కుండీ దగ్గరికి పిలిచాడు. ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు.

"నీ మొక్కలు ఇంత నిటారుగా ఎలా ఉన్నాయమ్మా?"

"ఎండవైపు వంగిపోతాయి కదండీ. రోజూ పొద్దున్నే ఒక్కోదాన్నీ పావు చుట్టు తిప్పుతాను. ఇది నాది కాదు సార్."

"కాదు. ఇది తిప్పేవాళ్లు లేని మొక్క. ఒకే కిటికీ ఉన్న గదిలో పెరిగింది." డిటెక్టివ్ మేనేజరు వైపు తిరిగాడు. "ఈ వరసలోంచే ఒక కుండీ ఎత్తి వాచ్‌మన్ మీదకి తోశారు. వరసలో ఖాళీ కనిపిస్తే, నేల మీదున్న కుండీని ఎవరో కావాలనే తీశారని తెలిసిపోతుంది. అందుకని మీ గదిలోది తెచ్చి ఇక్కడ పెట్టారు. లెక్క సరిపోయింది, నేరం ఈవిడ మీదకి పోయింది. ఈ వంకర మాత్రం మీ కంటికి ఆనలేదు. రోజూ చూసేదే కదా."

కానిస్టేబుల్ ఆ గదికి వెళ్లి మరక కొలిచి వచ్చాడు. కుండీ అడుగుతో అణువంత తేడా లేదు.

"ఆ తలుపు తెరిపిస్తే నా ఉద్యోగం పోయేది," అన్నాడు మేనేజరు మెల్లగా.

ఇన్‌స్పెక్టరు తోటమాలి పేరున్న అరెస్టు కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

కానిస్టేబుల్ వెంట లిఫ్టు దాకా వెళ్లిన మేనేజరు వెనక్కి తిరిగాడు. "దానికి రోజూ గ్లాసుడు నీళ్లు పోసేవాణ్ణి," అన్నాడు.

తోటమాలి ఆ తొమ్మిదో కుండీని ఎండ పడేవైపు నుంచి పావు చుట్టు తిప్పింది.

"పోస్తాను లెండి సార్. అదేం చేసింది పాపం."