ఐదు గంటల ప్రివ్యూ

"సోయా పాలు చల్లగానా, వేడిగానా?"

"చల్లగా. చక్కెర సగం."

సంకేతం సరిపోయింది. తైపేలో సగం ఊరు రోజూ అనే మాటని రహస్య సంకేతంగా పెట్టిన తెలివి గూఢచారి బ్యూరోది. ఏజెంట్ త్సుయ్ ఆ సంగతి పైకి అనకుండా డైరెక్టర్ లాన్ ఎదురుగా కూర్చున్నాడు.

"తుఫాను షెల్టర్ల సైటు తెలుసుగా?" అన్నాడు లాన్.

"మా అక్క నాన్‌ఫాంగావ్ రేవులో ఉంటుంది సార్. ఈ రాత్రి తుఫానుకి పిల్లలిద్దర్నీ వెంటేసుకుని, ఆ మ్యాపు ఎక్కడ చూపిస్తే అక్కడికే పోతుంది."

"అయితే శ్రద్ధగా విను. ఆ సైటు కోడ్ వాలంటీర్లందరిదీ. ఎవరు మార్పు పంపినా ఒక రోబో ప్రోగ్రాం దానితో నకలు సైటు కట్టి లింకు ఇస్తుంది. అదే ప్రివ్యూ. అందరూ చూసి సరే అంటేనే అసలు సైటులోకి వెళ్తుంది. కొత్తవాళ్ల మార్పు కడుతున్నప్పుడు రోబో చేతిలో అసలు సైటు తాళంచెవి ఉండకూడదు. నిన్న ఎవరో ఆ నియమం తీసేశారు."

"ఎవరు?"

"ఆ హక్కు ఇద్దరికే ఉంది. సాయంత్రం ఐదింటికి విదేశీ ముఠా ఒకటి దొంగ మ్యాపు పంపుతోంది. తాళం చిక్కితే వాళ్ల ప్రివ్యూ నిమిషంలో అసలు సైటైపోతుంది."

"ఇప్పుడే మూసేద్దాం."

"మూసేస్తే లోపలి మనిషి జారిపోయి, ఇంకో తుఫానుకి వస్తాడు. ఐదులోపు పట్టుకో. ఆ ఇద్దరిలో ఒకరు మనవాళ్లే, సంకేతం చెబుతారు." లాన్ కళ్లద్దాలు అందించాడు. ఫ్రేములో కెమెరా ఉంది.

మధ్యాహ్నానికి త్సుయ్ డిజైనర్ వేషంలో వాలంటీర్ల హాల్లో ఉన్నాడు. ముప్ఫై మంది, ముప్ఫై లాప్‌టాప్‌లు. అందరూ దొంగల్లాగే కనిపించారు. ఆ ఇద్దరు హక్కుదారుల్లో ఒకడు, రోబోని కట్టిన షియోంగ్ మరీను. గెడ్డం గీసుకోని మొహం, ఎవరు పక్కకొచ్చినా స్క్రీన్ మూసేసే అలవాటు.

"ఏంటయ్యా చూపులు? పనిలేదా?" అన్నాడు షియోంగ్.

"కొత్త కదన్నా, నేర్చుకుందామని."

"నేర్చుకో. నా భుజం మీద నుంచి కాదు."

ఎర్ర గౌను, ఖరీదైన సెంటు వాసన పక్కకొచ్చాయి. యున్‌షాన్, రెండో హక్కుదారు. పుట్టింది తైనాన్‌లో, పదేళ్లుగా సర్వర్ల పనే అని హాలంతా చెప్పుకుంటోంది.

"టీ చల్లగా, చక్కెర సగం. నీ కోసమే తమ్ముడూ," అంటూ గ్లాసు పెట్టి గొంతు తగ్గించింది. "నియమం తీసేసింది అతని పేరు మీదే ఉంది. ఐదింటికి ముందు అతన్ని బయటికి లాక్కుపో. మిగతాది నేను చూసుకుంటా."

సంకేతంతో సహా అంతా సరిగ్గా అతికింది. అదే త్సుయ్‌కి నచ్చలేదు.

నాలుగూ యాభై ఎనిమిదికి షియోంగ్ లేచి రోబో నడిచే యంత్రం దగ్గరికెళ్లాడు. దాని మీదున్న ఆకుపచ్చ చిరుతిండి పొట్లం తిప్పి తేదీ చూసి నాలుక కరుచుకున్నాడు. "నిన్నటితో గడువైపోయింది. ఎవరైనా కొత్తది తెండర్రా, యంత్రం మొండికేస్తుంది."

యున్‌షాన్ నవ్వుతూ సంచిలోంచి పొట్లం తీసి యంత్రం మీద పెట్టింది. పసుపుపచ్చది.

పక్క బల్ల మీద టైపింగ్ ఆగిపోయింది.

"ఆకుపచ్చది లేదా?" అన్నాడు షియోంగ్ పాలిపోయి.

"రంగుదేముంది అన్నా, అన్నీ తినేవేగా."

త్సుయ్ ఆమె వైపు తిరిగాడు. ఈ దీవిలో సర్వరు ముట్టిన ఏ మనిషీ ఆ మాట అనడు. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, చివరికి బ్యూరోలో కూడా, పచ్చ దీపం వెలుగుతూ బుద్ధిగా నడవాలని యంత్రాల మీద ఆకుపచ్చ పొట్లమే. పసుపుది పెడితే యంత్రం పడకేస్తుందని పెద్ద ఇంజనీర్లే వణుకుతారు. పదేళ్ల సర్వర్ల పనట.

ఐదయింది. ఎవరో కొత్తవాళ్ల మార్పు స్క్రీన్ మీద పడింది. పేరు: అక్షరదోషం సవరణ. రోబో కదిలింది.

"లాక్కుపో అతన్ని," అంది యున్‌షాన్. గొంతులో తమ్ముడు లేడు.

సంకేతం చెప్పింది ఆమె. అనుమానమంతా షియోంగ్ మీద. త్సుయ్‌కి అక్క గుర్తొచ్చింది, భయమేసింది. యున్‌షాన్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, తాళం రద్దు చెయ్. తర్వాత చెబుతా."

షియోంగ్ ఒక్క క్షణం పసుపు పొట్లం వంక చూసి, ఇంకేం అడగకుండా మూడు మీటలు నొక్కాడు. రోబో చేతిలో చచ్చిన తాళం మిగిలింది. నకలు మాత్రం కట్టేసి, బుద్ధిగా లింకు ఇచ్చింది.

హాలంతా ఆ ప్రివ్యూ చూసింది. నాన్‌ఫాంగావ్ షెల్టర్ గుట్ట మీది బడి దగ్గర లేదు. సముద్రం ఒడ్డున చేపల గోదాము మీదుంది.

త్సుయ్ ఫోన్ తీశాడు. "అక్కా, ఎక్కడికెళ్తున్నావ్?"

"బడికే. మ్యాపులో అదేగా ఉంది. ఏరా, గొంతలా ఉందేం?"

"ఏం లేదు. తొందరగా వెళ్లు."

రాత్రి లాన్ అడిగాడు. "షియోంగ్ పేరు మీద తనే నియమం తీసేసి, మన సంకేతం చెప్పి మనల్నే అమ్మింది. ఎలా పట్టావు? కళ్లద్దాలతోనా?"

"చిరుతిండి పొట్లంతో సార్."

లాన్ కళ్లద్దాలు వెనక్కి తీసుకున్నాడు.

"రిపోర్టులో కళ్లద్దాలనే రాయి," అన్నాడు. "ఇంతకీ ఆ యంత్రం మీద ఆకుపచ్చది పెట్టే వచ్చావా?"