హెప్సిబా నెత్తురు, డాక్టర్ పేటెంట్

అంజన్న ఒంటి మీద గాయం లేదు. కత్తిపోటు లేదు, తూటా లేదు, మెడ మీద వేలిముద్ర కూడా లేదు. కరీంనగర్‌లోని ఆ పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో, కింది అంతస్తు కోల్డ్ రూంలో, తన కాపలా కుర్చీ పక్కన బోర్లా పడి ఉన్నాడు. బయటి నుంచి గడియ పెట్టారు. లోపల ద్రవ నత్రజని గొట్టం తిప్పి వదిలేశారు. నత్రజనికి రంగు లేదు, వాసన లేదు. గదిలో ఉన్న మంచి గాలిని నెట్టేసి తాను కూర్చుంటుంది. మనిషికి నిద్ర వచ్చినట్టే ఉంటుంది. మళ్ళీ లేవడు.

చంపినవాళ్ళు ఒకే ఒక్క వస్తువు తీసుకుపోయారు.

ఆ ఆదివారం పొద్దున సాల్మన్ చర్చిలో తన బాపు ఏలియా పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. పాస్టరు రోగుల కోసం ప్రార్థన చేస్తూ హెప్సిబా పేరు చదివాడు. ముసలాయన వెక్కిళ్ళు దాచుకోవడానికి దగ్గినట్టు నటించాడు. హెప్సిబా సాల్మన్‌కు అక్క. సుల్తానాబాద్‌లో అంగన్‌వాడీ టీచర్. పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగి, నాళాలకు అడ్డం పడి, మనిషిని మంచం మీద మెలికలు తిప్పుతాయి. తల్లి సాయవ్వ పోయాక ఆ నొప్పులతోనే తమ్ముడికి వండి పెట్టి చదివించింది ఆమె.

జేబులో ఫోన్ వణికింది. సాల్మన్ బయటికి వచ్చి ఎత్తాడు.

"సార్, గ్యాస్ సిలిండర్ తెచ్చాం. ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"పొయ్యి ఆరిపోయింది. సీల్ చూసి దింపు."

లోకానికి సాల్మన్ మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. టై, బ్యాగు, శాంపిళ్ళు. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు మాత్రం అతను ఏజెంట్ 'గువ్వ'.

"ఆసుపత్రికి, డాక్టర్ శ్యాంసుందర్‌రావు గదికి వెళ్ళు. ఇప్పుడే" అంది ఫోను.

శ్యాంసుందర్‌రావు హుజూరాబాద్ భూస్వాముల బిడ్డ. డాక్టరూ ఆయనే, సైంటిస్టూ ఆయనే. గది గోడ నిండా ఫ్రేములు కట్టిన పేటెంట్లు. ఒక్క చుక్క నెత్తురుతో సికిల్ సెల్ పట్టేసే స్ట్రిప్ ఆయనది. చెడిపోయిన జన్యువును కత్తిరించి సరిచేసే పద్ధతి ఆయనది. వాటి కోసం చేయి చాపి నెత్తురు ఇచ్చినవాళ్ళు ఉట్నూరు గూడేల గోండులు, సుల్తానాబాద్ కూలీలు. వాళ్ళ పేర్లు ఏ ఫ్రేములోనూ లేవు. గోడ సరిపోలేదు కాబోలు.

ల్యాప్‌టాప్ తెర మీద చీఫ్ కూర్చుని ఉన్నాడు. ఆయన ఎప్పుడూ ముఖం సగమే చూపిస్తాడు.

"ఆర్కిడ్ రింగ్. విదేశీ ముఠా. పోయింది క్రయో క్యాన్, ద్రవ నత్రజని డబ్బా. అందులో డాక్టర్‌గారు సరిచేసిన కణాలున్నాయి. పేటెంట్ కాగితం ఎవడైనా చదవచ్చు. కాగితంలో రాయని ఒక స్టెప్ ఉంది. ఆ కణాలు వాళ్ళ ల్యాబ్‌కు చేరితే ఆ స్టెప్ బయటపడుతుంది. ఆపైన వాళ్ళే పేటెంట్ వేస్తారు, వాళ్ళే మనకు అమ్ముతారు. మహారాష్ట్రలో ప్లేన్ రెడీగా ఉందని టిప్. క్యాన్ పెన్‌గంగ దాటకూడదు."

సాల్మన్ డాక్టర్ వైపు తిరిగాడు. "అవి ఎవరి కణాలు సార్?"

డాక్టర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీ అక్కయి."

"స్పేర్ లేవా?"

"స్పేర్ గుడ గందులనే ఉండె."

"మరి ఆమె?"

"కొత్త కణాలకు జాగ కావాలని ఎముకలల్ల పాత మూలుగను మందుతోని ఖాళీ చేసినం. నిన్ననే అయిపోయింది. ఇప్పుడు లోపల నెత్తురు పుట్టించేదే లేదు."

"కణాలు రాకుంటె?"

"సర్ది పట్టినా చాలు, పానం పోతది" అన్నాడు డాక్టర్ మెల్లగా. తర్వాత ఆగలేక, "నా ఇన్నేండ్ల పని సాల్మన్, ఎవడో ఎత్తుకపోతుండు" అన్నాడు.

పై అంతస్తులో, అద్దాల గదిలో ఉన్న హెప్సిబా గురించి అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాలేదు ఆ నోట్లోంచి.

టేబుల్ మీద ఒక నల్ల పెన్ను ఉంది. చీఫ్ దానిని చూపించాడు. "మెగ్నీషియం కోర్. క్లిక్ చేసి విసిరితే ఇనుము కూడా కరుగుతుంది. క్యాన్ చేతికి దొరక్కపోతే కాల్చెయ్."

"ఆమె మా అక్క అని మీకు తెలుసా సార్?"

"తెలుసు. అందుకే నిన్ను పంపిస్తున్నా. నీ అంత స్పీడుగా ఎవడు పరిగెత్తుతాడు?"

సాల్మన్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. చొక్కా లోపల అది నిప్పు కణికలా తగిలింది.

"లోపల మన మనిషి ఉంది కదా, 'మల్లె'. ఏమంటోంది?"

"పొద్దుటి నుంచి ఫోన్ ఆఫ్."

మల్లె అంటే శ్రేయ. డాక్టర్ దగ్గర సీనియర్ రీసెర్చర్. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, నవ్వితే నర్సులు కూడా పని ఆపి చూసే మనిషి. డాక్టర్ మీద ఒక కన్నేసి ఉంచమని డిపార్ట్‌మెంటే ఆమెను రిక్రూట్ చేసుకుంది. కణాలు తీసే రోజు సూది నొప్పికి హెప్సిబా బిగుసుకుపోతే, చేయి పట్టుకుని కూర్చున్నది ఆమే.

సీసీటీవీ తిప్పారు. ఆక్సిజన్ వ్యాన్, పాల ఆటో, బ్రెడ్డు బండి, అన్నీ అప్పటికే చెక్ చేశారు. సాల్మన్ ఒక చోట ఆపాడు. వెనుక గేటు నుంచి ఒక మోటార్‌సైకిల్ పోతోంది. సీటు పక్కన కట్టిన అల్యూమినియం క్యాన్. వెనుక తెల్లకోటు వేసుకుని, హెల్మెట్ పెట్టుకున్న ఆడమనిషి. సెక్యూరిటీ గార్డు చేయి కూడా ఊపాడు.

"గాయన గోపాలమిత్ర గావచ్చు" అన్నాడు డాక్టర్. "ఊర్లల్ల ఆవులకు, బర్రెలకు ఎద సూదులు వేసేటోడు."

గోపాలమిత్ర మంచి జాతి ఆబోతుల, దున్నల వీర్యాన్ని ద్రవ నత్రజని క్యాన్‌లో పెట్టుకుని ఊరూరా తిరుగుతాడు. అదే క్యాన్. అదే చలి. చెక్‌పోస్టు దగ్గర ఎవడూ మూత తీయమనడు.

"మనుషుల దవాఖానల గోపాలమిత్రకు ఏం పని సార్?"

ఆ ప్రశ్న గేటు దగ్గర ఎవరూ వేయలేదు. ఆర్కిడ్ వాళ్ళు వేసుకున్న లెక్క అదే. గోపాలమిత్ర ముఖం ఎవడు చూస్తాడు, ఎవడు గుర్తుపెట్టుకుంటాడు అనుకున్నారు. ఆ లెక్క వేసినవాడి ఇంట్లో ఎన్నడూ బర్రె లేదు.

సాల్మన్ టై తీసి పారేశాడు. తలకు తువాల చుట్టి, చేతికి ములుగర్ర తగిలించుకుని, బర్రెల బేరగాడి వేషంలో బండెక్కాడు. చొప్పదండిలో చాయ్ హోటల్ ముందు ఆపాడు.

"అన్నా, గిటు గోపాలమిత్ర పోయిండా?"

అడిగిందే తడవుగా, బెంచీ మీదున్న పరశురాములు అనే రైతు మండిపడ్డాడు. "పోయిండు. చెయ్యి అడ్డం పెట్టినా ఆపలే. నా ఆవు పొద్దటిసంది అరుస్తున్నది. ఎన్కాల మేడం కూసున్నది గదా, మా తోని ఏం మాట్లాడుతడు. లచ్చెట్టిపేట రోడ్డు వట్టిండు."

రాయపట్నం వంతెన దగ్గర ఇంకో రైతు అదే తిట్టు తిట్టాడు. గోదావరి దాటి పాత ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చాక ఊరికొకరు దొరికారు. ఎదకొచ్చిన పశువు ఇంట్లో ఉన్నవాడు ఆ క్యాన్‌ను పెళ్ళిచూపుల పిల్లను చూసినట్టు చూస్తాడు. ఆపకుండా పోయినవాడిని జన్మలో మరిచిపోడు. ఏ శాటిలైటూ ఇవ్వని దారి సాల్మన్‌కు రైతుల కోపం ఇచ్చింది.

దండేపల్లి దాటిన తర్వాత ఒక చిన్న ఊళ్ళో రోడ్డుకు అడ్డంగా ఒక నల్లబర్రె నిలబడి ఉంది. అడ్డంగా కట్టేసింది దాని యజమానురాలు కొమురవ్వ. మోటార్‌సైకిల్ తాళంచెవి అప్పటికే ఆమె బొడ్లోకి చేరింది. చుట్టూ జనం. సాల్మన్ బండి దిగి వాళ్ళ వెనక నిలబడ్డాడు.

"గిన్ని ఊర్లు ఆగకుంట పోతున్నవంట. మా బర్రెలు నీ కండ్లకు ఆన్తలేవా బిడ్డా?"

"అమ్మా, ఎమర్జెన్సీ. తాళంచెవి ఇవ్వండి" అన్నాడు బండివాడు. ఆ మాట యాస ఈ నేలది కాదు.

"నా బర్రెకు గుడ అమర్జెన్సే. గీ పూట దాటితె మల్ల ఎప్పుడు ఎదకొస్తదో దానికే తెల్వది. ఏసి పో."

"చేతికి తొడుగేది బై?" అన్నాడు గట్టు మీదున్న లక్ష్మణ్ అనే ముసలాయన. "ఉత్త చెయ్యే పెడుతవా? బర్రెకు సిగ్గనిపియ్యదా?"

జనం నవ్వారు. బండివాడికి చెమటలు పట్టాయి. ఒక సూది పొడిచినట్టు నటించి బయటపడదామనుకున్నాడో ఏమో, క్యాన్ మూత తిప్పాడు. తెల్లటి ఆవిరి లేచింది. లోపలి కడ్డీ పట్టుకుని పైకి లాగసాగాడు. దాని చివర హెప్సిబా ప్రాణం వేలాడుతోంది. ఎండలో కరిగితే అవి వట్టి నీళ్ళు.

చెవిలో చీఫ్ గొంతు. "గువ్వా, వాళ్ళ బ్యాకప్ వ్యాన్ ఇంద్రవెల్లి నుంచి దిగుతోంది. నువ్వొక్కడివే. రిస్క్ వద్దు. కాల్చెయ్."

సాల్మన్ ఇయర్‌పీస్ తీసి పక్కనున్న కుడితి నీళ్ళ గోళెంలో వేశాడు. జనాన్ని తోసుకుని ముందుకు పోయాడు.

తెల్లకోటు ఆడమనిషి హెల్మెట్ తీసింది. శ్రేయ. కోటు జేబు లోపలి నుంచే పిస్టల్ అతని వైపు తిరిగింది. గొంతు మాత్రం చాయ్‌కి పిలిచినట్టే ఉంది.

"పెన్ను తెచ్చినవా సాల్మన్? కాల్చమన్నరు గదా. వాళ్ళ సంగతి నాకు తెల్వదా. మేమన్న ఆ కణాలను బతికిచ్చుకుంటం."

"ఎవలకోసం?"

"ఆ స్టెప్ నా చేతులల్ల పుట్టింది. కాగితం మీద నా పేరున్నదా? మీ అక్క పేరున్నదా?"

ఆ మాటల్లో అబద్ధమే లేదు.

"లేదు" అన్నాడు. "అంజన్న పేరు గుడ లేదు."

శ్రేయ తల అడ్డంగా ఊపింది. "ఆయన లోపలున్నడని నాకు చెప్పలే."

"గడియ పెట్టింది ఎవలు?"

ఆమె చూపు కిందికి దిగింది. ఆ రెప్పపాటు చాలు. సాల్మన్ పెన్ను క్లిక్ చేసి రోడ్డు పక్క బురదలోకి విసిరి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

పట్టపగలు ఇంకో సూర్యుడు లేచినట్టయింది. శ్రేయ పిస్టల్ పేలింది. తూటా చింతకొమ్మను కోసుకుపోయింది. బెదిరిన బర్రె తాడు తెంపుకుని బండివాడిని గుద్దేసింది. మోటార్‌సైకిల్ ఒరిగింది, క్యాన్ కూడా దాంతోపాటు ఒరిగిపోతోంది. సాల్మన్ దాని కింద పడుకున్నట్టే దూకి రొమ్ముతో ఆపాడు. చిందిన నత్రజని ముంజేతి చర్మాన్ని ఊడదీసింది. పైకి వచ్చేసిన కడ్డీని ఉత్త చేతితోనే లోపలికి కుక్కి మూత బిగించాడు. కేక మాత్రం బయటికి రానివ్వలేదు.

కళ్ళు నలుపుకుంటున్న శ్రేయ చేతిలోంచి పిస్టల్‌ను కర్రతో ఎగరగొట్టింది కొమురవ్వ. "నా ఇంటి ముంగట పటాకులు కాలుస్తవా?" అంది. తెగిన పలుపుతాడుతోనే ఇద్దరినీ కలిపి కట్టారు. మలుపు దాకా వచ్చిన వ్యాన్, రోడ్డు నిండా జనాన్నీ బర్రెలనూ చూసి వెనక్కి తిరిగింది. ఉట్నూరు దగ్గర పోలీసులకు దొరికింది.

కొమురవ్వ మోటార్‌సైకిల్ ముందు నుంచి కదల్లేదు. "నువ్వెవలు? డబ్బ యాడికి గొంచవోతున్నవ్?"

"గిందుల బర్రె సూదులు లేవవ్వా. మా అక్క పానమున్నది."

అతని చేతిని చూసింది. ఊడిన తోలును చూసింది. బొడ్లోంచి తాళంచెవి తీసిచ్చి పక్కకు జరిగింది.

"మరి నా బర్రె?"

"సాయంత్రం లోపట అసలు గోపాలమిత్రను తోలిస్త. మాట."

"తప్పినవంటె కరీంనగర్‌కే వస్త. బర్రెను గుడ తోలుకొస్త."

దారిలోనే సాల్మన్ పశువుల ఆఫీసుకు మెసేజ్ పెట్టాడు.

అద్దాల గదిలో, క్యాన్‌లోంచి తీసిన కణాల సంచిని గోరువెచ్చని నీళ్ళలో కరిగించి హెప్సిబా నరంలోకి ఎక్కించారు. గ్లౌజులు, మాస్కు వేసుకుని సాల్మన్ ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె తల మీద ఒక్క వెంట్రుక లేదు.

"తమ్మీ, నోట్లె ఎల్లిగడ్డ వాసన వస్తున్నది."

"కణాలను దాచిన మందు వాసననే అక్కా. ఫికర్ చెయ్యకు."

"శ్రేయ మేడం రాలేదా? గీ దినం గుడ చెయ్యి వట్టుకుంట అన్నది."

సాల్మన్ కట్టు కట్టిన చేతిని వెనక్కి దాచి, రెండో చేతితో ఆమె చేయి పట్టుకున్నాడు. ఆ కణాలు లోపల నాటుకుంటాయో లేదో కొన్నాళ్ళు పోతే గానీ ఎవరూ చెప్పలేరు. కింద ప్రెస్‌మీట్‌లో డాక్టర్ తన పేటెంట్ సురక్షితమని చెబుతున్నాడు. అంజన్న పేరు అక్కడా రాలేదు. గోడ మీద ఇంకో ఫ్రేముకు మేకు మాత్రం అప్పుడే కొట్టేశారు.

వరండాలోకి రాగానే చీఫ్ ఫోన్.

"అసెట్ సేఫ్. గుడ్. కానీ కాల్చమన్నాను. పెన్ను ఏమైంది?"

"రాయలే సార్."

పేషెంట్ ఎలా ఉందని అడుగుతాడేమోనని సాల్మన్ చూశాడు. అడగలేదు.

"ఇంకో సంగతి. ఆపరేషన్ మధ్యలో నీ ఫోన్ నుంచి ఒక మెసేజ్ పోయింది. 'కొమురవ్వ బర్రె ఎదల ఉన్నది, సాయంత్రం లోపట రావాలె' అని. ఆ కోడ్ మా పుస్తకంలో లేదు. సైఫర్ వింగ్ మొత్తం దాని మీదే కూర్చుంది. ఏమిటది?"

"కూసోనియ్యుండ్రి సార్" అన్నాడు సాల్మన్. "వాళ్ళు తేల్చేసరికి అది ఈనుతది."