ఈల వేయని వాల్వ్

1987. మధిర స్టేషన్లో ప్యాసింజర్ రైలు ఎక్కుతున్న ఇంజనీర్ బసవపున్నయ్యను పొడిచి చంపారు. ఆయన ఇంకో వాల్వ్ తయారు చేయకూడదు, హంతకులకు కావలసింది అంతే.

ఈ సంగతి విన్న ఏజెంట్ భద్రు మొహంలో ఏ మార్పూ లేదు. నాలుగేళ్ల కిందట కాన్పులో బిడ్డను పట్టి లాగే ఫోర్సెప్స్ జారి కొడుకు పోయిన రోజు నుంచి అతనికి బాధా లేదు, కోపమూ లేదు. అన్నం తినేవాడు, డ్యూటీ చేసేవాడు.

"వాక్యూమ్ కప్పు," అన్నాడు చీఫ్. "కాన్పు కష్టమైతే బిడ్డ తలకు తగిలించి, పంపుతో గాలి తీసి, బిడ్డను బయటికి లాగుతారు. గాలి మరీ తీస్తే బిడ్డ దక్కదు. బసవపున్నయ్య వాల్వ్ హద్దు దాటగానే ఈల వేసి గాలి లోపలికి వదులుతుంది. అది వస్తే ఈల లేని కప్పులు అమ్మే ఒక విదేశీ ముఠా సరుకు కొనేవాడుండడు."

"వాళ్ల ప్లాన్?"

"మణుగూరు అడవిలో ఒక దవాఖానాలో రేపు మన వాల్వ్‌కు ట్రయల్. మనదాని బదులు ఈల వేయని దొంగ వాల్వ్ బిగిస్తారు. బిడ్డ పోతే మన వాల్వ్‌కూ నూకలు చెల్లినట్టే. ముఠాలో చేరి మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ ప్రమీలారాణి అక్కడే ఉంది. దొంగదాంట్లో స్ప్రింగు ఇనుము, మనదాంట్లో ఇత్తడి. ఈ పెన్నులో అయస్కాంతం ఉంది."

మర్నాడు భద్రు పంపు మెకానిక్ వేషంలో దిగాడు. వరండాలో నల్లకళ్లద్దాలు, నెమలిరంగు షిఫాన్ చీర.

"తునికాకు తడిసిందా?"

"ఎండలో పెట్టాం."

కోడ్ సరిపోయింది. ప్రమీలారాణి రుమాల్లో చుట్టిన వాల్వ్ అతని చేతిలో పెట్టింది. "దొంగది ఇదే. తీసుకెళ్లు. మంచిది లోపల బిగించాను." నవ్వుతూ జీపు వైపు నడిచింది.

భద్రు అలవాటు కొద్దీ పెన్ను ఆనించాడు. అంటుకోలేదు.

ఇత్తడి! మంచిది తన చేతిలోనే ఉంది, ఆమె లోపల బిగించింది దొంగది.

"ఆ జీపు ఆపండి!" అని గేటు దగ్గరి కానిస్టేబుళ్లకు అరిచి చెప్పి, పిస్టల్ తీసి లోపలికి పరిగెత్తాడు.

కాన్పు గదిలో తొలిచూలు ఆదెమ్మ సొమ్మసిల్లేలా ఉంది. డాక్టర్ వెంకటరామారావు కప్పు అందుకోబోతుంటే ఆయా జంపక్క దాన్ని తన అరచేతికి ఆనించుకుంది.

"టైం లేదు జంపక్కా! మీటరు సరిగ్గానే ఉంది."

"మీటరు మీకు సారూ. నాకు గీ చెయ్యి. దీనికి పట్టి చూడకుండ ఏ సామానూ బిడ్డ తలకు పెట్టనియ్య."

నర్సు పంపు కొట్టింది. ముల్లు హద్దులోనే ఉంది. ఈల లేదు. అరచెయ్యి కప్పులోకి ఉబ్బి నల్లబడింది. ముఠా వాల్వ్‌నూ మార్చింది, మీటరునూ మార్చింది. ఇక్కడ కాన్పులు ఎట్లా చేస్తారో మాత్రం ఎవరినీ అడగలేదు.

"ఆపండి!" అన్నాడు భద్రు గుమ్మంలో నిలబడి.

"ఎప్పుడో ఆపినం. చెప్పులిడిసి రా!" అని కసిరింది జంపక్క.

భద్రు బుద్ధిగా చెప్పులు విడిచి, తన చేతిలోని వాల్వ్ అందించాడు. డాక్టరు దాన్ని బిగించాడు. జంపక్క రెండో చెయ్యి పెట్టింది. సన్నగా ఈల. కప్పు దానంతటదే వదిలేసింది.

"గిప్పుడు పెట్టుండ్రి."

మూడో లాగుడుకు బిడ్డ బయటపడి కేర్‌మంది. గేటు దగ్గర ప్రమీలారాణి దొరికిందని కబురు వచ్చింది. భద్రు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సంతోషం కలగాలి. కలగలేదు.

"నొప్పిగా ఉందా, అక్కా?" అన్నాడు, ఆమె కమిలిన అరచెయ్యి చూసి.

"ఉండదా మరి? నొప్పి తెలిసే చెయ్యి గాబట్టే గద, బిడ్డ బతికింది."

భద్రు కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి ఆ చేతి మీద పోశాడు. నాలుగేళ్లలో మొదటిసారి అతనికి ఏడుపొచ్చింది.

సాయంత్రం రిపోర్టులో 'ఉపయోగించిన ప్రత్యేక పరికరాలు' అన్న గడిలో 'అరచెయ్యి, ఒకటి' అని రాసి, కొట్టేసి, 'రెండు' అని దిద్దాడు.